గది కొలిచాకే స్పీకర్: ఒడిశా సరిహద్దు ఊళ్ల తెలుగు ఇళ్లకి ఒక సమగ్ర మార్గదర్శి

ఆమధ్య గుణుపురం నుంచి మా బావ ఫోన్ చేశాడు. "ఏటి బావా, ఐదు వేల వాట్లట, రెండే బాక్సులట, ధర చూస్తే చవగ్గానే ఉంది. తీసేమంటావా?" బావ ఇల్లు నాకు తెలుసు. హాలు పది అడుగులకి పది అడుగులు, గోడ అవతల ఇంకో సంసారం. నిజంగా ఐదు వేల వాట్లు ఆ గదిలో మోగితే పైన కప్పు నిలవదు. "ముందు టేపు తీసుకుని హాలు పొడుగు, వెడల్పు, ఎత్తు కొలిచి చెప్పు" అన్నాను. "స్పీకర్ గురించి అడిగితే గది గొడవ ఎందుకు?" అని విసుక్కున్నాడు.

ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను. పర్లాకిమిడిలో మా హాలు పద్నాలుగు అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు. ఒక షాపులో నడుము ఎత్తు స్పీకర్లు విని, ఆ బేస్‌కి, అంటే కింది స్వరాల గుమ్ముకి, మురిసిపోయి, మరునాడే తెచ్చేసుకున్నాను. ఇంట్లో పెట్టాక మృదంగం మోగినా, బేస్ గిటార్ మోగినా ఒకే గుమ్ముమనే మోత. పాడేవాడు బిందెలో తల పెట్టి పాడుతున్నట్టు ఉండేది. రెండేళ్లు భరించి సగం ధరకి అమ్మేశాను. స్పీకర్లో లోపం లేదు. అవి మా గదికి సరిపడవు, అంతే.

మన వైపు ఇంకో చిక్కు ఉంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఆఖరికి బరంపురంలో కూడా ఎక్కువ షాపుల్లో కనిపించేవి సౌండ్‌బార్లు, రంగు లైట్లు వెలిగే పార్టీ బాక్సులు. రెండు స్పీకర్లు, పాటకి బలమిచ్చి వాటికి పంపే ఒక యాంప్లిఫయర్ పెట్టుకుని కూర్చుని వినే స్టీరియో కావాలంటే విశాఖకో భువనేశ్వర్‌కో వెళ్లాలి. పొద్దున్నే రైలెక్కి వెళ్లి రాత్రికి ఇల్లు చేరాలి కాబట్టి షోరూమ్‌లో దొరికేది ఒక మధ్యాహ్నం. ఆలోచించాల్సిందంతా ఇంట్లోనే ఆలోచించుకుని వెళ్తే ఆ మధ్యాహ్నం చెవులకి మిగులుతుంది. కింద చెప్పే తొమ్మిది అడుగుల్లో మొదటి ఆరు రైలెక్కక ముందు చేసుకునేవి.

మొదటి అడుగు: మీరు ఏం వింటారు, ఎంత గట్టిగా వింటారు

ఒక వారం రోజులు మీరు నిజంగా వినేవి ఒక కాగితం మీద రాసుకోండి. వింటామని అనుకునేవి కాదు, వినేవి. నా కాగితంలో పాత సినిమా పాటలు, బాలమురళి కచేరీలు, ద్వారం వారి వాయులీనం, రాత్రి పూట వార్తలు, కొన్ని ఒడియా భజనలు తేలాయి. భూమి అదిరే బేస్ పాటలు వారానికి రెండో మూడో. అలాంటప్పుడు భూమి అదిరించే స్పీకర్ నాకెందుకు?

దీనికి ఒక లెక్క కూడా ఉంది. శబ్దం సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పేది హెర్ట్జ్, అంకె తగ్గేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది. మనిషి చెవికి వినబడేది సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు. మగ గొంతుకి, ఒకటి శ్రుతికి పెట్టిన తంబురాలో మంద్ర షడ్జం తీగ 65 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. బేస్ గిటార్ అన్నిటికంటే కింది తీగ 41 హెర్ట్జ్. పియానో అట్టడుగు మెట్టు 27.5. అంటే కచేరీలు, పాత పాటలు, పద్యాలు వినే ఇంటికి 55, 60 హెర్ట్జ్ వరకు శుభ్రంగా దిగే స్పీకర్ చాలు. అది చిన్న బాక్సులో దొరుకుతుంది. కొత్త సినిమా పాటల బేస్ పూర్తిగా కావాలంటే 40 దాకా దిగాలి. అప్పుడు బాక్సు పెద్దది కావాలి, లేదా తర్వాతెప్పుడైనా సబ్‌వూఫర్, అంటే బేస్ కోసమే ఉండే విడి బాక్సు, కలపాలి.

ఎంత గట్టిగా అన్నది ఫోన్‌తో చూడండి. శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలిచే ఆప్‌లు ఉచితంగా దొరుకుతాయి. అవి కచ్చితం కాదు, మన పనికి చాలు. ఇప్పుడున్న టీవీలోనో రేడియోలోనో మీకు హాయిగా ఉన్న గట్టితనంలో పాట పెట్టి, కూర్చునే చోట ఫోన్ పెట్టి చూడండి. చాలా ఇళ్లలో 65 నుంచి 75 మధ్య వస్తుంది. మా ఇంట్లో 75 దాటితే పక్కింటి ఒడియా మౌసా గోడ మీద తట్టి "టికే కమ్ కర" (కొంచెం తగ్గించు) అంటారు. ఆ అంకె కూడా రాసుకోండి. నాలుగో అడుగులో వాట్ల లెక్క దాని మీదే నడుస్తుంది.

రెండో అడుగు: గది

ఇక్కడ తొందరపడకండి.

గదిలో ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ తిరుగుతూ కొన్ని స్వరాల దగ్గర పేరుకుపోతుంది. ఆ స్వరం పాటలో వచ్చినప్పుడల్లా గుమ్ముమంటుంది. మిగతా స్వరాలు మామూలుగానే ఉంటాయి. అది ఏ స్వరమో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మన వైపు వేడికి శబ్ద వేగం సెకనుకి 348 మీటర్ల చిల్లర, అంటే 1,140 అడుగుల పైచిలుకు. అందులో సగం 570. ఆ 570ని గది కొలతతో అడుగుల్లో భాగిస్తే ఆ గోడల జంట ఎక్కడ మోత పెడుతుందో తెలుస్తుంది. మా హాలు పొడుగు 14 అడుగులు, అంటే 41 హెర్ట్జ్. వెడల్పు 10, అంటే 57. కప్పు ఎత్తు కూడా పదే, మళ్లీ 57. రెండు జంటలు ఒకే చోట కూడాయి. నా నడుమెత్తు స్పీకర్లు 40 దాకా దిగేవి కాబట్టి ఈ మూడిటినీ తట్టి లేపాయి. 60 దగ్గరే ఆగిపోయే చిన్న స్పీకర్లు అయితే ఆ మోతలో చాలా భాగం పుట్టేదే కాదు.

మా బావ హాలు పది, పది, కప్పు కూడా పది. మూడు జంటలూ 57 దగ్గరే. నలుచదరపు గది అన్నిటికంటే మొండిది. అలాంటి గదిలో పెద్ద వూఫర్, అంటే స్పీకర్లో కింది స్వరాలు పలికే పెద్ద గుండ్రం, పెట్టడమంటే డబ్బులిచ్చి తలనొప్పి తెచ్చుకోవడమే.

బరంపురం పాత వీధుల్లో, మన పల్లెల్లో కొన్ని ఇళ్లు రైలు పెట్టెల్లా పొడుగ్గా ఉంటాయి. వీధి గది, దాని వెనక ఇంకో గది, మధ్యలో తలుపు లేని గుమ్మం. అలా తెరుచుకుని ఉన్న గుమ్మం మంచిదే, బేస్ అటు జారిపోతుంది. పాత పెంకుటిళ్లలో కప్పు ఏటవాలుగా ఉండడం, పెంకుల సందుల్లోంచి శబ్దం కొంత బయటికి పోవడం వల్ల వినడానికి హాయిగా ఉంటాయి. పెంకులు తీసేసి స్లాబు వేయించుకున్నాక పాట పాడైందని ఎవరైనా అంటే నవ్వకండి. అది నిజమే.

స్లాబు, టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న గదిలో చప్పట్లు కొట్టి చూడండి. చప్పట్ల వెనక 'ట్రింగ్' అని తోక వినిపిస్తే పై స్వరాలు గోడల మీద గంతులేస్తున్నట్టు. అలాంటి గదిలో ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న గుండ్రం) పదునుగా ఉండే స్పీకర్ గంటలో చెవులు నొప్పి పుట్టిస్తుంది. దీనికి ఖరీదైన ప్యానెళ్లు అక్కర్లేదు. నేల మీద మందపాటి జంపఖానా, కిటికీలకి బరువైన తెరలు, ఒక గోడకి పుస్తకాల అల్మరా, మూల దూది పరుపుతో ఒక మంచం ఉంటే చాలు. మా ఇంట్లో అమ్మమ్మ కుట్టిన బొంత ఒకటి స్పీకర్ల ఎదుటి గోడకి వేలాడుతుంది. వచ్చినవాళ్లు అలంకారం అనుకుంటారు. అయితే బొంతలు, తెరలు పై స్వరాలకే మందు, బేస్ మోతని ఆపలేవు. దాన్ని ఆపాలంటే స్పీకర్ ఎంపికలోనే, పెట్టే చోటులోనే ఆపాలి.

మూడో అడుగు: చోటు

స్పీకర్లు ఎక్కడ పెడతారు, మీరు ఎక్కడ కూర్చుంటారు అన్నది కాగితం మీద గీయండి. రెండు స్పీకర్లు, మీ తల, ఈ మూడూ దాదాపు సమాన దూరంలో ముక్కోణంలా ఉండాలి. పదడుగుల గదిలో ఆరేడు అడుగుల ముక్కోణం పడుతుంది. స్పీకర్లు ఒకటి టీవీ పక్కన, ఇంకోటి బీరువా మీద పెడితే స్టీరియో అన్న మాటకి అర్థం లేదు.

ట్వీటర్ మీ చెవి ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చుంటే చెవి నేల నుంచి సుమారు మూడడుగుల పైన ఉంటుంది. చిన్న స్పీకర్లని "బుక్‌షెల్ఫ్" అంటారు గానీ వాటికి పుస్తకాల అర మంచి చోటు కాదు. బరువైన స్టాండు మీద పెట్టాలి. స్టాండు కొనక్కర్లేదు. మా ఊరి వడ్రంగి పాత దూలం ముక్కలతో రెండు స్టాండ్లు చేసిచ్చాడు, ఊగవు, చాలు.

స్పీకర్ వెనక ఒక గొట్టం నోరు కనిపిస్తే అది పోర్ట్. చాలా స్పీకర్లకి అది వెనకే ఉంటుంది. దాని ద్వారా బేస్ అదనంగా వస్తుంది. గోడకి బాగా దగ్గరగా పెడితే ఆ బేస్ ముద్దగా మారుతుంది. వెనక కనీసం ఒకటిన్నర అడుగు ఖాళీ ఇవ్వలేనివాళ్లు పోర్ట్ ముందున్నదో, అసలు పోర్ట్ లేని మూసిన బాక్సో చూసుకోండి. మూసిన బాక్సు బేస్ మెల్లగా తగ్గుతూ దిగుతుంది. పోర్ట్ బాక్సు ఒక స్వరం దాకా గట్టిగా మోగి ఆ కింద ఒక్కసారిగా పడిపోతుంది. చిన్న గదులకి నా ఓటు మూసిన బాక్సుకే. కాకపోతే అవి మార్కెట్లో తక్కువ.

నాలుగో అడుగు: వాట్లు

"పీఎంపీఓ" అని రాసిన అంకెని అసలు చదవకండి. దానికి కొలమానం అంటూ ఏదీ లేదు, ఎవరికి తోచింది వాళ్లు వేసుకుంటారు. "ఆర్ఎంఎస్" అన్న అంకె చూడండి, ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు అవి. అదీ అనుమానంగా ఉంటే పెట్టె వెనక తిప్పి, కరెంటు ఎంత లాగుతుందో రాసిన చీటీ చూడండి. గోడలోంచి 60 వాట్లు లాగే యంత్రం ఐదు వేల వాట్ల పాట పాడలేదు. బావ చేత ఫోన్‌లోనే ఈ పని చేయించాను. చీటీ మీద 55 వాట్లు ఉంది. ఆ షాపువాడు ఒడియాలో ఏదో సర్ది చెప్పబోతున్నాడు, బావ ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడు దొరికే చిన్న యాంప్లిఫయర్లు చాలావాటికి లాప్‌టాప్‌లకి ఉన్నట్టు అడాప్టర్ ఉంటుంది. దాని మీద రాసిన వోల్టుల్ని ఆంపియర్లతో గుణించండి. 24 వోల్టులు, 4.5 ఆంపియర్లు అయితే 108 వాట్లు. రెండు వైపులా కలిపి ఆగకుండా ఇవ్వగలిగింది అంతలోపే. పెట్టె మీద "300 వాట్లు" అని రాసినా సరే.

మరి మనకి ఎన్ని కావాలి? స్పీకర్ కాగితం మీద సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది, 86 డెసిబెల్స్ అనుకుందాం. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో అంత శబ్దం వస్తుందని దానర్థం. మీరు మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే సుమారు తొమ్మిదిన్నర తగ్గుతుంది, రెండు స్పీకర్లు ఉన్నందుకు మూడు కలుస్తుంది. అంటే ఒక్కో స్పీకర్‌కి ఒక్క వాటుతో 79 పైనే మీ చెవికి అందుతుంది. మీరు వినేది 75 అయితే సగం వాటు కూడా ఖర్చు కాదు! కానీ తవిల్ మీద దెబ్బ పడినప్పుడు, వాద్యబృందం అంతా ఒక్కసారి లేచినప్పుడు శబ్దం ఒక్క క్షణం ఇరవై డెసిబెల్స్ పైకి పోవచ్చు. ఇరవై డెసిబెల్స్ అంటే వంద రెట్లు వాట్లు. అప్పుడు 35 కావాలి. అందుకని ఒక్కో వైపుకి నిజమైన 40, 50 వాట్లు ఇచ్చే యాంప్లిఫయర్ మన హాళ్లకి ధారాళంగా సరిపోతుంది. సెన్సిటివిటీ 89 ఉన్న స్పీకర్ అయితే అందులో సగమే చాలు, ఎందుకంటే మూడు డెసిబెల్స్ పెరగడమంటే వాట్లు రెట్టింపు చేసినట్టు.

చిన్న యాంప్లిఫయర్ వల్ల పెద్ద స్పీకర్‌కి ప్రమాదం లేదని అనుకుంటారు. ఉంది. శక్తికి మించి తిప్పితే యాంప్లిఫయర్ అలల తలలు నరికేసి పంపుతుంది, ఆ వేడికి ట్వీటర్ కాలిపోతుంది. గొంతు గరగరలాడిన వెంటనే వాల్యూమ్ తగ్గించండి.

ఐదో అడుగు: కాగితం చదవడం

సెన్సిటివిటీ అయింది. ఇంపీడెన్స్, అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు, ఓమ్‌లలో ఉంటుంది. 8 అయితే నిశ్చింత, 6 అయినా ఫరవాలేదు, 4 అయితే మీ యాంప్లిఫయర్ వెనక "4 ఓమ్‌లు" అని రాసి ఉందో లేదో చూడండి. నాలుగు ఓమ్‌ల స్పీకర్ ఎనిమిది ఓమ్‌ల దానికంటే రెట్టింపు కరెంటు లాగుతుంది.

ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్, అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పలుకుతుందో చెప్పే అంకెల దగ్గర కంపెనీలు తెలివిగా రాస్తాయి. "45 నుంచి 20,000 హెర్ట్జ్" అని మాత్రమే ఉంటే అది వట్టి మాట. పక్కన "ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్" అని ఉంటేనే లెక్క. "మైనస్ 10 డెసిబెల్స్" అని ఉంటే ఆ 45 దగ్గర బేస్ ఉన్నా లేనట్టే.

మిగతా అంకెలు వదిలేయండి.

ఆరో అడుగు: మన గాలికి నిలుస్తుందా

దీని గురించి ఏ పుస్తకమూ చెప్పదు, అందుకని నేను చెప్తాను. గోపాలపురం వైపు, బరంపురంలో కూడా, సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. స్పీకర్ వెనక తీగలు బిగించే మరలు చౌకరకం అయితే పచ్చగా చిలుం పడతాయి. పసుపు రంగు పూత గట్టిగా ఉన్నవి, చేత్తో తిప్పితే బరువుగా తిరిగేవి ఎంచుకోండి.

వూఫర్ చుట్టూ మెత్తటి అంచు ఉంటుంది. అది రబ్బరుదా ఫోమ్‌దా అని అడగండి. ఫోమ్ మన తేమకి కొన్నేళ్లలో పొడి పొడిగా రాలిపోతుంది. రబ్బరు చాలాకాలం ఉంటుంది. పాత స్పీకర్లు కొనేవాళ్లు మొదట వేలితో మెల్లగా ఆ అంచునే తాకి చూడాలి. తర్వాత రెండు చేతుల వేళ్లతో వూఫర్‌ని సమంగా, సున్నితంగా లోపలికి నొక్కండి. లోపల గీసుకున్న చప్పుడు వస్తే కాయిల్, అంటే వూఫర్‌ని కదిపే తీగచుట్ట, పోయిందని అర్థం, నమస్కారం పెట్టి వచ్చేయండి.

బాక్సు చెక్క చాలా వరకు ఎండీఎఫ్, అంటే పొట్టు జిగురుతో నొక్కి చేసిన పలక. తడి తగిలితే ఉబ్బుతుంది, మళ్లీ సర్దుకోదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి మా హాల్లోకి నీళ్లొచ్చాయి. నేల మీద ఉన్నవన్నీ తడిశాయి, రెండడుగుల స్టాండ్ల మీదున్న స్పీకర్లకి ఏమీ కాలేదు. ఆ మాటకొస్తే నడుమెత్తు స్పీకర్లు అప్పటికే అమ్మేసి ఉండడం నా అదృష్టం.

చెదల సంగతి మీకు చెప్పక్కర్లేదు. పోర్ట్ గొట్టం కూడా ఇక్కడ ఒక ఇల్లే. మట్టి గూడు కట్టే కందిరీగలకి, బల్లులకి, బొద్దింకలకి అది భలే నచ్చుతుంది. వాడనప్పుడు ఒక పాత సాక్స్ చుట్టి అందులో పెట్టండి. విన్నప్పుడు తీసేయండి. తీయకపోయినా పాడేమీ కాదు, బేస్ కొంచెం తగ్గుతుంది. చిన్న గదుల్లో అది నచ్చి అలాగే వదిలేసినవాళ్లు ఉన్నారు.

ఏడో అడుగు: షోరూమ్‌లో మధ్యాహ్నం

వెళ్లేముందు ఫోన్ చేసి, మీరు వినదలచిన రెండు మూడు జతలు అక్కడ ఉన్నాయో లేదో, మీ దగ్గరున్నంత శక్తి గల యాంప్లిఫయర్‌తో వినిపిస్తారో లేదో అడగండి. ఆదివారం వెళ్లకండి, జనం ఉంటారు.

మీ పాటలు మీరే తీసుకెళ్లండి. వాళ్లు పెట్టే పాట వాళ్ల స్పీకర్‌కి కలిసొచ్చేది. నేను తీసుకెళ్లేవి ఇవి. సుశీల గారి పాట ఒకటి, వాద్యాలు తక్కువగా ఉన్నది. ఒక రంగస్థల పద్యం. ఒట్టి తంబురా రెండు నిమిషాలు. వాయులీనం. మృదంగం తని ఆవర్తనం. బేస్ ఎక్కువున్న కొత్త సినిమా పాట ఒకటి. ఇంకా గంజాం వైపు పాడే కథాగానం దాసకాఠియా నుంచి చెక్క తాళాల ముక్క ఒకటి.

పద్యం ఎందుకంటే, అందులో శ, ష, స విడివిడిగా వినబడాలి. మూడూ ఒకే 'స్స్' లా వస్తే ట్వీటర్ బాగాలేదని గానీ, వూఫర్ నుంచి ట్వీటర్‌కి పాట చేతులు మారే చోట కుట్టు సరిగా పడలేదని గానీ అర్థం. ఒక వూఫర్, ఒక ట్వీటర్ ఉండే స్పీకర్లలో ఆ చేతులు మారే చోటు సాధారణంగా 2,000, 3,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. మన చెవి బాగా పదునుగా ఉండేదీ అక్కడే. గిడుగు రామమూర్తి గారు వాడుక మాట కోసం పట్టుబట్టిన ఊరు మాది. మాట తెలియని స్పీకర్ మా ఊళ్లో దిగకూడదని నా పట్టుదల. బీబీసీ వాళ్లు 1970లలో బయటి ప్రసారాల వ్యాన్ల కోసం ఎల్ఎస్3/5ఏ అనే బుల్లి మూసిన బాక్సు తయారుచేసుకున్నారు. దాన్ని కట్టిందే ఇరుకు చోట మనిషి గొంతు గొంతులా వినబడడం కోసం. బేస్ పెద్దగా లేని ఆ డబ్బాని ఇప్పటికీ వెతుక్కుని కొనేవాళ్లున్నారు.

దాసకాఠియా చెక్క తాళాలు మన చిడతల్లాంటివి. మంచి స్పీకర్లో ఆ 'టక్' పుట్టగానే ఆగిపోతుంది. పాడు స్పీకర్లో దానికి తోక ఉంటుంది, లేదా రేకు మీద కొట్టినట్టు ఉంటుంది. మృదంగంలో కుడి, ఎడమ వేరుగా తెలియాలి. ఎడమ వైపు దెబ్బలు ఒక్కోటి ఒక్కో శ్రుతిలో వినిపించాలి. అన్నీ ఒకే గుమ్ములా ఉంటే నా పాత నడుమెత్తు స్పీకర్లని గుర్తు చేసుకోండి.

రెండు జతలు పోల్చేటప్పుడు రెండూ సమానమైన గట్టితనంలో ఉండాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నది కూడా మన చెవికి "బాగుంది" అనిపిస్తుంది. అమ్మేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. జత మార్చినప్పుడల్లా ఫోన్ ఆప్ చూసి వాల్యూమ్ సరిచేయమనండి. మొహమాటపడకండి, డబ్బు మీది. టోన్ బటన్లు, "లౌడ్‌నెస్" బటన్ ఆపించండి. ఇంట్లో కూర్చునేంత దూరంలోనే కూర్చోండి. ఇంట్లో వినే 70, 75 దగ్గరే వినండి. 90లో అన్ని స్పీకర్లూ బ్రహ్మాండంగానే ఉంటాయి. అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో బరంపురం వీధుల్లో మోగే బాక్సులు మీకు నచ్చితే నాకూ నచ్చుతాయి, కానీ అవి వీధికి చేసినవి.

ఒక్కో జత కనీసం ఇరవై నిమిషాలు వినండి. మొదటి ఐదు నిమిషాల్లో మెరిసేది పదునైన ట్వీటర్, ఇరవయ్యో నిమిషంలో తల నొప్పించేదీ అదే. ఇంట్లోవాళ్లని వెంట తీసుకెళ్లండి. మా ఆవిడకి ఈ అంకెలేవీ పట్టవు. ఒక జత మోగుతుండగా ఆవిడ పత్రిక తిరగేస్తూ కూర్చుంది, ఇంకో జత పెట్టగానే "కాస్త బయట తిరిగొస్తాను" అంది. ఆ రెండోది నేను కొనలేదు.

షోరూమ్ గది సాధారణంగా మీ హాలు కంటే పెద్దది, మెత్తటిది. అక్కడ బేస్ "సరిగ్గా సరిపోయింది" అనిపిస్తే మీ ఇంట్లో ఎక్కువవుతుంది. "కొంచెం తక్కువుందే" అనిపించిన జతే ఇంట్లో సరిపోతుంది. చిన్న హాళ్లవాళ్లకి దీనికంటే ఉపయోగపడే మాట నా దగ్గర లేదు.

పేర్లు చెప్పమని అడుగుతారు. కోల్‌కతా సోనోడైన్ 1970 నుంచి ఉంది. ఇంగ్లండ్ వార్ఫ్‌డేల్ 1932లో మొదలైంది. యమహా, పోల్క్, డాలీ కూడా దొరుకుతాయి. పేరుని బట్టి కాదు, వినిపించిన దాన్ని బట్టి కొనండి. ఒక్క ప్రశ్న మాత్రం తప్పక అడగండి: ట్వీటర్ పోతే విడిగా దొరుకుతుందా, ఎన్నాళ్లలో?

ఎనిమిదో అడుగు: ఇంటికి తేవడం

బిల్లు మీద రెండు స్పీకర్ల సీరియల్ నంబర్లూ రాయించండి. విశాఖలో కొంటే అది పక్క రాష్ట్రం కాబట్టి వారంటీ ఒడిశాలో ఎవరు చూస్తారో అడిగి బిల్లు మీదే రాయించుకోండి. అట్టపెట్టెలు, లోపలి థర్మాకోల్ పారేయకండి. రైల్లో తెస్తే పెట్టె మీకు కనిపించే చోట, నిలువుగా పెట్టండి.

తొమ్మిదో అడుగు: పెట్టుకోవడం

తీగ విషయంలో షాపులో చెప్పే కథలు వినకండి. ఇంటి వైరింగ్‌కి వాడే అసలు రాగి తీగ, 1.5 లేదా 2.5 చదరపు మిల్లీమీటర్లది, చాలు. అల్యూమినియం మీద రాగి పూత వేసిన తీగ చవగ్గా అమ్ముతారు. చాకుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది, అది వద్దు.

ఎర్ర మరకి ఎర్ర, నల్ల మరకి నల్ల. ఒక వైపు తిరగబడితే ఒక వూఫర్ బయటికి వస్తుండగా ఇంకోటి లోపలికి పోతుంది, బేస్ మాయమవుతుంది, పాడేవాడు గదంతా చెదిరిపోతాడు. అనుమానమొస్తే యాంప్లిఫయర్ నుంచి తీగ విప్పి, ఒకటిన్నర వోల్టు బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. ప్లస్ ఎర్రకి తగిలితే వూఫర్ బయటికి కదలాలి. తాకించడమే, పట్టుకుని ఉంచకూడదు.

తర్వాత జరపడం. పద్యం పెట్టి, స్పీకర్లని గోడ నుంచి రెండేసి అంగుళాలు ముందుకి జరుపుతూ వినండి. ఒకచోట గొంతు బిందెలోంచి బయటికొస్తుంది. అక్కడ ఆపండి. గోడకి మరీ దగ్గరైతే బేస్ పెరుగుతుంది, మూలకి నెడితే ఇంకా పెరుగుతుంది. మీరు కూడా గది సరిగ్గా మధ్యలో గానీ, వెనక గోడకి తల ఆనించి గానీ కూర్చోవద్దు. మధ్యలో బేస్ చచ్చిపోతుంది, గోడ దగ్గర ముద్దవుతుంది. తర్వాత స్పీకర్ల మొహాలు కొద్దిగా మీ వైపు తిప్పండి. పాట బాగా కుదిరినప్పుడు పాడేవాళ్లు రెండు స్పీకర్ల మధ్య ఖాళీ గోడ మీద నిలబడి ఉన్నట్టు వినిపిస్తుంది. ట్వీటర్ గుచ్చుకుంటుంటే తిప్పిన మొహాల్ని మళ్లీ సగం వెనక్కి తిప్పండి.

ఈ పని ఒక సాయంత్రంలో అయిపోదు. నాకు మూడు ఆదివారాలు పట్టింది. మూడో ఆదివారం కుదిరిన చోటుని సోమవారం పొద్దున్న నేల తుడిచేటప్పుడు పనమ్మాయి జరిపేసింది. స్టాండ్ల నాలుగు మూలలా నేల మీద ఎర్ర టేపు అంటించాను. ఇప్పుడు ఆ అమ్మాయే తుడిచాక వాటిని టేపు మీదికి తోసి, "గీతలోనే పెట్టాను బాబూ" అని చెప్పి వెళ్తుంది.